వేపమండలతో దెబ్బలు తిన్న రేడియో

నేను ఒక ట్రాన్సిస్టర్ రేడియోను. మా జాతిలో వేపమండలతో దెబ్బలు తిన్నది బహుశా నేనొక్కదాన్నే. ఎందుకు తిన్నానో చెబుతాను, వినండి. వినిపించడమే కదా నా వృత్తి.

పుట్టింది ఫ్యాక్టరీలో. ఆరేళ్లు ఒక హెడ్మాస్టరుగారి బల్ల మీద కూర్చుని క్రికెట్ చెప్పాను. ఆయన టీవీ కొనుక్కున్నాక నన్ను చీరాల దగ్గర నేతపేటలో మార్కండేయులుకి ఇచ్చేశారు. మగ్గం గుంట పక్కన గూట్లో నా కాపురం. నేతపనిలో చేతులకూ కాళ్లకూ తీరిక ఉండదు కానీ చెవులు ఖాళీగానే ఉంటాయి. ఆ చెవులకు నేను పాటలు పెట్టేదాన్ని. మార్కండేయులు భార్య కనకమాలక్ష్మి రాట్నం ముందు కండెలు చుడుతూ నాతో పాటు కూనిరాగం తీసేది.

ఒక వానాకాలం మధ్యాహ్నం నేను ప్రాంతీయ వార్తలు చెబుతున్నాను. ఎరువులు, బస్సు చార్జీలు, ఏవో నాలుగు సంగతులు. మార్కండేయులు ఉన్నట్టుండి, పోగుతో అటూ ఇటూ పరిగెత్తే నాడె ఆపి నా వైపు చూశాడు.

“నా పేరు చెప్పింది,” అన్నాడు.

నేను చెప్పలేదు. ఒట్టు.

ఆ రోజు నుంచి నేను ఆగినా అతనికి మాటలు ఆగలేదు. పడుగులో, అంటే మగ్గానికి ఎక్కించిన నిలువు దారాల్లో, విషం కలిపారని, ఆ చీర కట్టిన ఆడది బతకదని గొంతులు పొద్దస్తమానం చెప్పేవట. పది రోజులు పళ్ల బిగువున ఓర్చుకున్నాడు. పదకొండో రోజు కత్తి తీసుకుని, మగ్గం మీద సగం నేసిన చీర పడుగు అడ్డంగా కోసేశాడు. నేతవాడు పడుగు కోయడమంటే ఉడుకుతున్న అన్నం కుండను తన్నేయడమే. పేటంతా నోరు నొక్కుకుంది. ముఖం ఎరగని ఏ ఆడమనిషో చావకూడదని అతనా పని చేశాడు. ఆ సంగతి ఒక్కరికీ తట్టలేదు.

అతని అన్న నాగభూషణం మంత్రగాణ్ని పిలిపించాడు. రేడియో మాట్లాడుతోందని అందరూ అంటుంటే మంత్రగాడు మాత్రం ఏం చేస్తాడు పాపం! దయ్యం పెట్టెలోకి దూరిందని తేల్చేశాడు. నాకు పసుపు పూశాడు, నెత్తిన నిమ్మకాయ పెట్టాడు, వేపమండలతో ఉతికి ఆరేశాడు. నా యాంటెన్నా వంకర అప్పటిదే. ఆ దెబ్బలు మార్కండేయులు వీపున పడనందుకు మాత్రం నాకు సంతోషమే.

తతంగం అయ్యాక అతను మెల్లగా, “ఇంకా మాట్లాడతానే ఉంది,” అన్నాడు.

దాంతో నాగభూషణం ఆశ వదులుకున్నాడు. మతి తప్పిన వాళ్లను గొలుసులతో కట్టేసే చోటు ఒకటి కొండ కింద ఉంది. సోమవారం తమ్ముణ్ని అక్కడ దింపి వస్తానన్నాడు. చెడ్డవాడు కాదు. గొలుసు కొనుక్కొచ్చి మంచం మీద పెట్టి, పక్కన కూర్చుని ఏడ్చాడు.

ఆ సాయంత్రం కనకమాలక్ష్మి నా వీపు తెరిచి సెల్లులు తీసి మొగుడి అరచేతిలో పెట్టింది.

“దీని ప్రాణం నీ చేతిలోనే ఉంది. ఇప్పుడు కూడా పలుకుతోందా?”

“పలుకుతోంది.”

ఆమె నన్ను చెవికి ఆనించుకుంది. చాలాసేపు విన్నది. నా లోపల ఏముంది, నిశ్శబ్దం తప్ప! “నాకేం వినపడటం లేదయ్యా,” అంది. “నీకు వినపడతన్నాయి. ఇంతమంది మీద పడి అరుస్తా ఉంటే ఒక్కడివే ఎట్టా తట్టుకుంటన్నావు?”

అన్నాళ్లలో అతన్ని ఆ ప్రశ్న అడిగినవాళ్లు లేరు. అతను ఆమె ఒళ్లో తల పెట్టుకుని బావురుమన్నాడు.

ఆమె బావగారి దగ్గరకు వెళ్లి, “ఒక్క నెల ఆగండి బావగారూ,” అని బతిమాలింది. తెల్లారి పెద్దాసుపత్రికి బస్సెక్కారు. సెల్లులు మళ్లీ వేసి నన్ను కూడా చీర కొంగులో చుట్టి తీసుకెళ్లింది. జబ్బు ఎవరిదో తేలాలి కదా! వరసలో మూడు గంటలు నిలబడి, నన్ను బల్ల మీద పెట్టి, “ముందు దీన్ని చూడండమ్మా, తర్వాత ఆయన్ని,” అంది.

డాక్టరమ్మ నవ్వలేదు. నా చెవి తిప్పి పాట ఆఖరిదాకా విన్నది. “దీనికే జబ్బూ లేదమ్మా, బాగా పాడుతోంది,” అని మార్కండేయులు వైపు తిరిగింది. “మీరు అబద్ధం చెప్పడం లేదు. ఆ మాటలు నిజంగానే వినపడుతున్నాయి. వాటిని పుట్టిస్తున్నది మీ మెదడు. దానికి మందులున్నాయి. తగ్గుతుంది, కానీ తొందరపడకూడదు. పూర్తిగా పోకపోవచ్చు కూడా.”

నేను దిమ్మెరపోయాను. నేను ఒక్క ముక్క పలకాలంటే సెల్లులు కావాలి, ఎక్కడో ఆకాశమంత స్తంభం కావాలి, అక్కడ ఒక మనిషి కూర్చుని మాట్లాడాలి. ఇతని తలలో ఇవేవీ లేకుండానే పది స్టేషన్లు మోగుతున్నాయి! పైగా నాకున్న మీట అతనికి లేదు. అయినా ఆ మోతలోనే భార్యను గుర్తుపడుతున్నాడు, అన్నం తింటున్నాడు, “మాత్ర ఎప్పుడేసుకోవాలమ్మా?” అని అడుగుతున్నాడు. మనిషిని చూసి నాకు మొదటిసారి చేతులెత్తి మొక్కాలనిపించింది. చేతులు లేవు, అది వేరే సంగతి.

నెల గడిచింది. మాత్రలకు నిద్ర ముంచుకొచ్చేది, వేళ్లు వణికేవి. గొంతులు తగ్గాయి కానీ పోలేదు.

గడువు నాడు నాగభూషణం గొలుసు భుజాన వేసుకుని వచ్చాడు. గుమ్మంలోనే ఆగిపోయాడు. తమ్ముడు కోసిన పడుగు ముందు కూర్చుని, పోగు జారకుండా వేళ్లకు బూడిద అద్దుకుని, తెగిన పోగుల కొసలు ఒక్కొక్కటే మెలేసి అతుకుతున్నాడు. అలాంటివి వేల పోగులు. పావు వంతు కూడా కాలేదు.

“ఇంకా వినపడతన్నాయేంట్రా?” అన్నాడు నాగభూషణం.

“వినపడతన్నాయన్నయ్యా. అతకొద్దనే చెబుతన్నాయి,” అన్నాడు మార్కండేయులు తల ఎత్తకుండా. ఇంకో పోగు అందుకున్నాడు. “నేను అతుకుతన్నా.”

నాగభూషణం గొలుసు గుమ్మం బయట పడేసి, కాళ్లు కడుక్కుని వచ్చి తమ్ముడి ఎదురుగా కూర్చున్నాడు. బూడిదలో వేళ్లు ముంచి, “ఈ పక్క నుంచి నేను మొదలెడతా,” అన్నాడు.