పలుపుతో వచ్చిన గుర్రం

గుర్రాన్ని అమ్మినవాళ్ళు పలుపు ఇవ్వకూడదు. ఈ గడ్డి నేల మీద పుట్టిన ప్రతివాడికీ ఇది తల్లిపాలతోపాటే తెలుస్తుంది. జూలు లోంచి నాలుగు వెంట్రుకలు పీకి దాచుకోవాలి, దాని ముక్కు తమ అంగీ చేతికి తుడుచుకోవాలి, తమ పలుపు విప్పి తామే ఉంచుకోవాలి. కొనేవాడు తన పలుపు తానే తెచ్చుకోవాలి. గుర్రం పోయినా ఇంటి భాగ్యం ఇంట్లోనే ఉండాలి కదా! అరవై ఒక్క ఏళ్ళ సొద్నొమ్‌కు ఈ సంగతి తెలియదంటే గొర్రెలు కూడా నవ్వుతాయి.

తెలిసే చేశాడు. అదే అతని బాధ.

ఆ శరత్కాలంలో అతని ముసలి గుర్రం బొరియలో కాలు విరగ్గొట్టుకుంది. ఇక మిగిలింది జీను ఎరగని పిల్లగుర్రం ఒకటి, కుంటి ఆడగుర్రం ఒకటి. ఇంకో ఇరవై రోజుల్లో మంద తోలుకుని చలికాలపు విడిదికి వెళ్ళాలి. చేతికింద మంచి గుర్రం లేకపోతే గొర్రెలు తోడేళ్ళ పాలు. అప్పుడు మందను తెగనమ్మి, పట్నంలో కూతురి ఇంట బొగ్గు పొయ్యి పక్కన మూట కట్టిన సామానులా కూర్చోవాలి. దానికన్నా చావే నయం అనుకునే రకం సొద్నొమ్.

అందుకే ఉలాన్ కనుమ దాటి, రెండు రోజులు పోయి, యంజిమా అనే ఆడమనిషి దగ్గర ఒక గుర్రం కొన్నాడు. వేసవిలోనే ఆమె మొగుడు గుండె ఆగి పోయాడు. బూడిదరంగు గుర్రం, ఎనిమిదేళ్ళది, కళ్ళలో నెమ్మది ఉంది. తలకు ఎర్ర తోలు పలుపు. చెంప దగ్గర వెండి కడియం, వేళ్ళు రాసీ రాసీ అరిగిపోయి ఉంది. సొద్నొమ్ అంగీ లోపల తన నార పలుపు పెట్టుకునే వెళ్ళాడు. ఆమె తోలు పలుపు విప్పుతుందని ఎదురుచూశాడు. ఆమె విప్పలేదు, వెంట్రుకలు పీకలేదు, ముక్కూ తుడవలేదు. తాడు కొస అతని చేతిలో పెట్టి గిరుక్కున తిరిగి గెర్ గుడారం లోపలికి వెళ్ళి తలుపేసుకుంది.

మరిచిపోయింది పాపం, దుఃఖంలో ఉంది, పిలిచి చెప్పాలి అనుకున్నాడు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో ఆ వెండి కడియం చూశాడు, పనితనం చూశాడు. నోరు మూసుకుని గుర్రాన్ని నడిపించుకు వచ్చేశాడు.

ఇంటికి రాగానే భార్య దుల్గర్ పాలగిన్నెతో ఎదురొచ్చింది. కొత్త గుర్రం నుదుటికి పాలు రాయబోతూ ఆగింది.

"ఇదెవరి పలుపు?"

"వాళ్ళదే. ఇచ్చారు."

"ఇచ్చారా! చోద్యం కాకపోతే, పలుపిచ్చేవాళ్ళు కూడా ఉన్నారా? పెళ్ళికూతురితో పాటు పొయ్యి కూడా మోసుకొచ్చినట్టుంది నీ వ్యవహారం."

"ఇచ్చారంటున్నాగా! పాలు రాయి ముందు, గొడ్డు నిలబడి ఉంది."

దుల్గర్ పాలు రాసింది. రాస్తూ మొగుడి మొహం వంకే చూసింది. ముప్పై అయిదేళ్ళ కాపురంలో ఆ మొహం మీద అబద్ధం ఎక్కడ కూర్చుంటుందో ఆమెకు బాగా తెలుసు.

కొత్త గుర్రం పుట్టిన నేల వైపే పరిగెడుతుంది. దాన్ని నిలపడానికి చేయాల్సినవన్నీ సొద్నొమ్ చేశాడు. ముందరికాళ్ళకు పచ్చితోలు బందం వేశాడు. కుంటి ఆడగుర్రాన్ని పక్కన కట్టి తోడిచ్చాడు. ఉప్పు నాకించాడు. తల పడమటికి తిప్పి కట్టాడు. రెండు రోజులు అది గడ్డి ముట్టలేదు, మెడ విరిగేలా తిప్పి తూర్పునే చూసింది. అయితే పారిపోవడానికి మాత్రం ఒక్కసారి కూడా పెనుగులాడలేదు. వెళ్ళాలని చూసే గుర్రంలా లేదది, ఎవరో వస్తారని నిలబడ్డట్టు ఉంది.

ఎక్కనిచ్చేది కాదు. సొద్నొమ్ అందరిలాగే ఎడమ నుంచి రికాబులో కాలు పెట్టబోతే, అది మెల్లగా అడుగు మార్చి కుడిపక్క తెచ్చి పెట్టేది. మళ్ళీ ఎడమకు వస్తే మళ్ళీ తిరిగేది. ఇలా ఇద్దరూ గానుగ తిరిగినట్టు తిరుగుతుంటే, పొరుగు చోయ్‌జిల్ మోటార్‌సైకిల్ ఆపుకుని చూశాడు.

"ఏంటన్నా, గుర్రానికి నాట్యం నేర్పుతున్నావా?"

"పో రా, నీ పని చూసుకో."

"నాలాగా బండి కొనుక్కో అంటే వినవు. ఇది ఎటు నుంచి ఎక్కినా ఏమనదు."

"దానికి దాహమేస్తే నువ్వు పట్నం దాకా పోవాలి. నా గుర్రానికి ఏరు చాలు."

చోయ్‌జిల్ నవ్వుతూ వెళ్ళిపోయాడు. సొద్నొమ్‌కు నవ్వు రాలేదు. కుడి నుంచి ఎక్కే మనిషిని అతను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. మరి దీనికి ఎవరు నేర్పారు?

నాలుగో సాయంత్రం. పొద్దు కొండ మీద ఉండగానే బసర్ మొరిగింది. బసర్ అంటే వాళ్ళ కుక్క, తోడేలుతో కలబడి చెవి పోగొట్టుకున్న నల్ల కుక్క, పరాయివాణ్ణి చూస్తే పీక పట్టేస్తుంది. తూర్పు వైపు తిరిగి ఒళ్ళంతా ఊగేలా మొరిగి, ఉన్నట్టుండి ఆగిపోయింది. తోక ఊపింది. గుర్రం కట్టిన చోటి నుంచి గుమ్మం దాకా ఎవరి పక్కనో నడిచినట్టు నడిచి వచ్చి, తలుపు దగ్గర చతికిలబడింది. బూడిద గుర్రం గొంతులోనే చిన్నగా సకిలించింది.

"రండి రండి, టీ వేడిగా ఉంది" అంటూ దుల్గర్ లోపలి నుంచి కేకేసింది. అతిథి గిన్నెలో ఉప్పు టీ కూడా పోసింది. ఎంతసేపటికీ ఎవరూ రాలేదు. ఆమె తలుపు తీసి బయటికి చూసింది. గడ్డి, కుక్క, గుర్రం, అంతే.

"ఎవరయ్యా వచ్చింది?"

"ఎవరూ లేరు. గాలి."

"గాలికి బసర్ తోక ఊపుతుందా?"

అయిదో సాయంత్రం కూడా అంతే, ఆరో సాయంత్రమూ అంతే. ఏడో రోజు తెల్లవారగానే బయటికి వెళ్ళి చూస్తే గుర్రం కాళ్ళకు బందం లేదు. తెగలేదు, కొరకలేదు. కొయ్య గుండీలు మూడూ విప్పి, బందం చక్కగా రెండు మడతలు పెట్టి గుర్రం కట్టిన తాడు మీద వేసి ఉంది. గుర్రం కదలకుండా అక్కడే నిలబడి ఉంది. దాని ఒళ్ళంతా తెల్లగా మంచు పేరుకుంది. వీపు మీద జీను వేసేంత మేర మాత్రం మంచు లేదు. సొద్నొమ్ చెయ్యి పెట్టి చూశాడు. వెచ్చగా, చెమటతో తడిగా ఉంది.

చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. లోపలికి వచ్చి పొయ్యి ముందు కూలబడి, అడక్కుండానే అంతా చెప్పేశాడు.

దుల్గర్ తిట్టలేదు. తిడితే బాగుండును. "మొగుడు పోయిన ఆడమనిషి భాగ్యం మూట కట్టుకొచ్చావన్నమాట" అంది. తర్వాత నాలుగు రోజులకు సరిపడా ఎండు పెరుగు గడ్డలు, వేయించిన పిండి సంచిలో పోసి అతని ముందు పెట్టింది.

"మంచు పడి కనుమ మూసుకుంటే?"

"మూసుకోకముందే పో. ఆ పలుపు ఈ గుమ్మంలో ఉన్నన్నాళ్ళూ నేను ఇంకో అతిథి గిన్నె కడగను ముసలాయనా. గుర్రం అక్కర్లేదని ఆమె అంటే సరే, కావాలంటే అక్కడే వదిలేసి నడిచి రా."

నడిచి రావడమంటే మంద పోవడమే, పట్నం పోవడమే. ఇద్దరికీ తెలుసు.

జీను వేసి ఎడమకు వెళ్తే గుర్రం మళ్ళీ తిరిగింది. విసిగిపోయి, చుట్టూ ఎవరైనా చూస్తున్నారేమోనని సిగ్గుపడుతూ, సొద్నొమ్ కుడి నుంచి ఎక్కాడు. అది గొర్రెపిల్లలా నిలబడింది. పగ్గం కదపకముందే తూర్పుకు నడిచింది. దారి పొడుగునా తన వెనకే, జీను మీద ఇంకొకరు కూర్చున్నట్టు అతనికి వీపు జలదరిస్తూనే ఉంది. వెనక్కి తిరిగి చూడడానికి ధైర్యం చాల్లేదు.

మర్నాడు పొద్దు వాలుతుండగా యంజిమా గెర్ కనబడింది. అక్కడి కుక్క మొరగలేదు, లేచి నిలబడి చూసింది. పాలచెంబుతో బయటికొచ్చిన యంజిమా, బూడిద గుర్రం కుడిపక్క నుంచి మనిషి దిగడం చూసి చెంబు వదిలేసింది. పాలన్నీ నేలపాలయ్యాయి. అతని మొహం కనబడ్డాక గానీ ఆమెకు ఊపిరి అందలేదు.

సొద్నొమ్ పలుపు విప్పాడు. రెండు చేతుల్లో పట్టుకుని మోకాలి మీద కూర్చున్నాడు.

"తల్లీ, ఆ రోజు నువ్వు మరిచిపోయావు. నేను చూశాను, చూసి కూడా చెప్పలేదు. నీ ఇంటి భాగ్యం ఎత్తుకుపోయాను. పెద్దవాణ్ణి, సిగ్గు విడిచి అడుగుతున్నా, క్షమించు."

"లే అన్నా" అంది యంజిమా. "నేనేమీ మరిచిపోలేదు. కావాలనే ఇచ్చాను."

"కావాలనా?"

"ఆయన పోయి, ఆత్మ వెళ్ళిపోవాల్సిన నలభై తొమ్మిది రోజులూ దాటాయి. దీపం పెట్టించాను, లామాతో చదివించాను. అయినా పొద్దు వాలితే కుక్క మొరిగేది, ఆగేది, తోక ఊపేది. గుర్రం పలకరించేది. ఆయనకు ఎడమ మోకాలు వంగేది కాదు, కుడి నుంచే ఎక్కేవాడు, దిగేవాడు. దిగిన చప్పుడు కూడా నాకు వినబడేది. ఎన్నాళ్ళని భరించను? ఆ పలుపు ఆయన చేత్తో కుట్టింది. అది పోతే దాంతో ఆయనా పోతాడనుకున్నా. దొంగవి నువ్వు కాదన్నా. దొంగను నేను. నా పీడ నీ నెత్తిన రుద్దాను."

సొద్నొమ్‌కు ఒళ్ళు మండింది. "నీ మొగుణ్ణి తీసుకొచ్చి నా గుమ్మంలో వదులుతావా! ఇంట్లో ఆడమనిషికి నిద్ర లేదు, తెలుసా?" అని అరిచాడు.

ఆమె తిట్లు పట్టించుకోలేదు. దగ్గరికి వచ్చి అతని అంగీ అంచు పట్టుకుంది.

"వచ్చాడా?"

"ఆఁ?"

"మీ ఇంటికి వచ్చాడా అన్నా? ఏం చేసేవాడు? కుక్క కరవలేదు కదా?"

ఆ అడగడం చూసి సొద్నొమ్ కోపమంతా దిగిపోయింది. "కరవలేదు" అన్నాడు. "తోక ఊపేది. నిన్న గుర్రం బందం విప్పాడు. మడతపెట్టి తాడు మీద వేశాడు."

"రెండు మడతలా?"

"రెండు మడతలే."

యంజిమా నవ్వబోయి ఏడ్చింది. "బందం వేస్తే నన్ను తిట్టేవాడు. పరాయి ఇంట్లో కూడా ఊరుకోలేదు చూడు" అంది. "నువ్వు గుర్రాన్ని తోలుకెళ్ళిన సాయంత్రం ఇల్లు ప్రశాంతంగా ఉంది. కడుపు నిండా తిన్నా. రెండో సాయంత్రం కుక్క మొరగలేదు. మూడో సాయంత్రం నేనే బయటికొచ్చి ఇక్కడ నిలబడ్డా. అప్పటి నుంచి రోజూ నిలబడుతూనే ఉన్నా. మొదటిసారి ఆయనే పోయాడు, నేను పంపలేదు. ఈసారి నేనే పంపేశాను కదా అన్నా!"

సొద్నొమ్ పలుపు ఆమె చేతిలో పెట్టాడు. ఆమె వెండి కడియం మీద బొటనవేలు రాసి చూసుకుంది. తర్వాత చేయాల్సినవన్నీ ఒక్కొక్కటే చేసింది. జూలు లోంచి నాలుగు వెంట్రుకలు పీకి పలుపుకు చుట్టింది. గుర్రం ముక్కు తన అంగీ చేతికి తుడుచుకుంది. దాని నుదుటికి నుదురు ఆనించి ఏదో చెప్పింది. "గుర్రం నీదే అన్నా, మందతో చల్లగా ఉండు" అంటూ వెనక్కి జరిగింది.

సొద్నొమ్ అంగీ లోంచి నార పలుపు తీసి కట్టాడు. కనుమ కింద తెలిసినవాళ్ళ విడిది ఉంది, వెలుగుండగా అక్కడికి చేరాలి. అలవాటు కొద్దీ ఎడమకు వెళ్ళి రికాబులో కాలు పెట్టాడు. పెట్టాక గుర్తొచ్చి ఆగాడు. గుర్రం కదల్లేదు. ఎక్కాడు. వీపు వెనక ఎవరూ లేరు. జీను మీద తనొక్కడి బరువే ఉంది.

ఏరు దాటేటప్పుడు వెనక కుక్క మొరిగింది. మొరిగి, ఉన్నట్టుండి ఆగింది. బూడిద గుర్రం నిలబడిపోయి ఒక చెవి వెనక్కి తిప్పింది. సొద్నొమ్ మడమతో పొడవలేదు, అదిలించలేదు. దాని మనసు దానికే వదిలేశాడు. నీళ్ళ మీదుగా యంజిమా గొంతు వినబడింది, సంతలో నుంచి ఆలస్యంగా వచ్చిన మొగుణ్ణి కసిరినట్టు.

"ఇన్నాళ్ళా రావడం? రా లోపలికి, టీ చల్లారిపోతోంది."

గుర్రం చెవి ముందుకు తిప్పుకుని, పడమటి గట్టు ఎక్కింది.