కాఫీ మానిన శ్రమ దినాలు

కాఫీ అంటే నాకు ప్రాణం. అందుకే ఈసారి ఈస్టర్ ముందు, ఇష్టమైనదొకటి దేవుడి కోసం మానుకునే శ్రమ దినాల్లో దాన్నే మానేశాను. మా చర్చిలో ఒకావిడ ఏటా కాకరకాయ మానేస్తుంది. అక్కర్లేనిది దేవుడికిచ్చి గొప్పలు పోవడం నాకు చేతకాదు.

నా అవస్థ చూడలేక మా అమ్మాయి ఇవాంజెలిన్ నల్ల చాక్లెట్లు తెచ్చింది. "చక్కెర తక్కువ మమ్మీ, గుండెకు మంచిది" అంది. నోట్లో వేసుకుంటే కాఫీపొడి నమిలినట్టే ఉంది. రోజూ రాత్రి భోజనమయ్యాక సగం బారు తినేదాన్ని.

అప్పట్నుంచి నిద్ర దూరమైంది. ఆయన రావడం మొదలైంది.

ఆయనంటే మావారు, క్రీస్తుదాసు. పోయి నాలుగేళ్లు. ఫొటో చూస్తే తప్ప ముఖం గుర్తు రావడం లేదని లోలోపల కుమిలిపోతున్నాను. అలాంటిది, కళ్లు తెరుచుకుని పడుకుంటే ఆ ముఖంతో సహా అన్నీ వచ్చేవి. మెట్రో స్తంభాలు లేని అమీర్‌పేట, సందులో ఆయన నడిపిన టైపు ఇన్‌స్టిట్యూట్, మిషన్ల టకటకలు, పంజగుట్టలోని ఇంటికి నడిచొస్తూ నాకోసం కొనే కొబ్బరి చాక్లెట్లు. చర్చిలో ప్రసంగం సాగుతుంటే మగవాళ్ల వైపు నుంచి ఆయన ఎవరో ఒక పిల్ల చేత నాకు పిప్పరమెంటు పంపేవారు. ఆ బిళ్ల చల్లదనం కూడా నాలుక మీదికి వచ్చేది. నా ఉపవాసం దేవుడు అంగీకరించాడని మురిసిపోయాను.

ఈ ఏడు రంజాన్, మా శ్రమ దినాలు కలిసొచ్చాయి. కింది వాటాలో ఉండే ఫరీదా ఆస్పత్రిలో డైటీషియన్. ఒక సాయంత్రం ఇఫ్తార్ అయ్యాక పండ్లు పట్టుకొచ్చింది. వట్టి చేతులతో పంపలేక చాక్లెట్ పెట్టాను.

"కాఫీ ఇడిసిపెట్టిన్రు కద ఆంటీ. గిది రోజు తింటున్నరా?"

"రాత్రిపూట సగం బారు. ఏంటమ్మా, తినకూడదా?"

"గిండ్ల సుత కెఫీన్ ఉంటది. ఎంత నల్లగుంటే అంత ఎక్కువ. సగం బారంటే సుమారు సగం కప్పు కాఫీ తాగినట్టే. కేలరీలు సుత మూడొందల దాంక, ఒక ప్లేటు అన్నమంత. నిద్ర పడ్తున్నదా?"

"పిప్పరమెంట్లలోనూ ఉంటుందా?"

"వాటిల ఉండదు ఆంటీ. ఉత్త చక్కెరనే."

నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరి మీదో నాకే తెలియలేదు. మానేశాననుకున్న కాఫీ దొడ్డిదారిన వస్తూనే ఉందన్నమాట. దేవుడికి మాటిచ్చాక చేసేదేముంది, మిగిలిన చాక్లెట్లన్నీ ఫరీదా చేతిలోనే పెట్టేశాను.

ఆ రాత్రి ఒళ్లు తెలియకుండా నిద్రపోయాను. తెల్లారి లేచి ఆయన ముఖం కోసం వెతుక్కున్నాను. రాలేదు. మర్నాడూ అంతే. వంటింట్లో నిలబడి, ఆయన పోయిన రోజు ఏడ్చినట్టు ఏడ్చాను.

వారం తర్వాత ఫరీదా మెట్ల మీద కనిపించింది.

"ఇప్పుడు నిద్ర మంచిగ పడ్తున్నదా ఆంటీ?"

"మొద్దు నిద్ర. ఈస్టర్ రానీ, ఆ రాత్రి చిక్కటి డికాషన్ వేసి పెద్ద గ్లాసుడు కాఫీ కలుపుకుంటాను."

"పొద్దుగాల తాగున్రి. రాత్రి తాగితే నిద్రెట్ల వస్తది?"

"రాకూడదనేనమ్మా" అన్నాను.