ముకద్దం లెక్క

ఇంతకు ముందు నేనెప్పుడూ ఏదీ రాయలేదు. నాలుగో తరగతితో బడి మానేసినదాన్ని. ‘నేను’ అని రాయాలంటే సిగ్గుగా ఉంది, అందుకని రత్నాబాయి అనే రాస్తున్నాను.

కామాటిపురలో వరస గదుల చాళ్‌లో రత్నాబాయి వాళ్ళది ఒక్క గది. పొద్దున నల్లా నీళ్ళు పట్టి, భర్త భూమయ్యకు అన్నం డబ్బా కట్టి ప్లాస్టర్ పనికి పంపుతుంది. సాయంత్రం కూతురు రుతుజ లెక్కలు చేస్తుంటే పక్కన కూర్చుని మెంతికూర తెంపుతుంది. వానాకాలం వస్తే చాళ్‌లో అన్ని గోడలూ చెమ్మగిల్లుతాయి. వీళ్ళ గోడ చెమ్మగిల్లి లెక్కలు చేస్తుంది. పెన్సిలుతో లెక్క రాస్తే కింద తడిగా ఒక స్టెప్పు తేలుతుంది, దాని కింద ఇంకొకటి. ఆ గోడ కట్టింది భూమయ్య తాతవాళ్ళే.

“మా గోడకు బూజు తప్ప ఏం రాదు, మీది నయం,” అనేది ఎదురు గది రాజవ్వ.

చిక్కు ట్యూషన్ చెప్పే శైలేష్ సార్‌తో వచ్చింది. దాదర్‌లో ఫీజు లేని స్కాలర్‌షిప్ క్లాసుకు చాళ్ నుంచి ఒక్క పేరు పంపుతాడతను. రుతుజ ఇంట్లో చేసిన లెక్కల్లో తప్పుండదు. బోర్డు దగ్గర నిలబెడితే చెయ్యి కదలదు.

“అక్కా, లెక్కలు పిల్ల చేస్తున్నదా, గోడ చేస్తున్నదా?” అని అడిగాడు. “గోడ చేస్తే గోడ పేరే పంపాలె గద.”

ఆ సాయంత్రం రత్నాబాయి మెంతికూర ఒళ్ళో పెట్టుకుని, తెంపకుండా గోడనూ పిల్లనూ చూసింది. ముందు గోడ రాస్తోందా, పిల్ల రాస్తోందా? రెండూ ఒక్కసారే అయినట్టుంది.

“ఏందమ్మా, పోలీసులెక్క చూస్తవ్?” అంది రుతుజ.

కోపంతో అన్నదో, దొరికిపోయి అన్నదో తెలియలేదు. ఫీజు కట్టే క్లాసుకు పంపే తాహతు ఇంట్లో లేదు.

ఆదివారం శైలేష్ తానే వచ్చాడు. ఇచ్చిన చాయ్ పక్కన పెట్టి గోడమీద రాశాడు: నలుగురు మనుషులు ఒక గోడను ఆరు రోజుల్లో కడతారు. ముగ్గురైతే ఎన్ని రోజులు?

“గోడను చూసి నోటుబుక్కుల ఎక్కిస్తే పేరు పంప,” అన్నాడు.

గోడే ముందు మొదలుపెట్టింది. నలుగురికి ఆరు రోజులు. ఒక్కరికి, ఆరును నాలుగుతో భాగిస్తే, ఒకటిన్నర. ముగ్గురికి నాలుగున్నర రోజులు. రాత ఎప్పటిలాగే తేటగా ఉంది. శైలేష్ కళ్ళు పిల్ల పెన్సిలు మీదున్నాయి. తల్లి కళ్ళూ అక్కడే.

రుతుజ ‘ఒకటిన్నర’ అని రాసి ఆగింది.

“ఇది ముకద్దం లెక్క,” అంది.

“అంటే?”

“పప్పా చెప్తడు గద. కూలోళ్ళను పనికి పెట్టుకున్న మేస్త్రి, ముకద్దం, నలుగురిల ఒకర్ని తీసేసి, ఇంకా జల్దీ చెయ్యమంటడట. మనుషులు తగ్గితే రోజులు పెరుగుతయి గని తగ్గుతయా?” గోడ రాసినదాని మీద అడ్డంగా గీత కొట్టింది. “ముందు మొత్తం పని తీయాలె. నలుగురు ఆరు రోజులు చేస్తే, ఒక్కడికి ఇరవై నాలుగు రోజుల పని. ముగ్గురికి పంచితే ఎనిమిది.”

శైలేష్ చల్లారిన చాయ్ తీసుకుని తాగాడు.

“పేరు పంపుత, అక్కా.”

గుమ్మంలోంచి చూస్తున్న రాజవ్వ, “గోడకు ముసలితనం వచ్చింది, పాపం,” అంది.

రత్నాబాయికి సంతోషమే. కానీ మనసులో ఏదో గీరుతోంది. ఇంకే లెక్క తప్పినా తప్పిందనుకునేది. గోడ కట్టే లెక్క గోడకు రాకపోవడమేంది?

మర్నాడు పొద్దున రుతుజ బడికి పోయినంక, తలుపు దగ్గరగా వేసి, అదే లెక్కను గోడమీద మళ్ళీ రాసింది. చెయ్యి తీసేలోపే కింద తేలింది: నాలుగు ఆర్లు ఇరవై నాలుగు, మూడుతో భాగిస్తే ఎనిమిది.

రత్నాబాయి తలుపు వైపు ఒకసారి చూసి, కొంగుతో దాన్ని తుడిచేసింది.