అప్పలరాజు ఊరు

చిన్న నెత్తళ్ల చేపల తలలు గిల్లుతూ పోచయ్య నాలుగోసారి గోడ గడియారం వైపు చూశాడు. పదీ పావు. బేగంబజార్ నుంచి తెచ్చిన ఐసు పెట్టెలో వంజరం చేప ఇంకా ముక్కలు కోయాలి. పక్కన బకెట్లో పీతలు అంచుల్ని గోకుతున్నాయి. చేపల పొలుసుకు అరిగి అరిగి అతని బొటనవేలి గోరు సగమే మిగిలింది. ఎంత నిమ్మచెక్క రుద్దినా చేతుల వాసన పోదు. గౌలిగూడ గదిలో తోడుండేవాళ్లు అతని దుప్పటిని వేరుగా ఆరేస్తారు.

ఆబిడ్స్ పెద్ద పోస్టాఫీసు వెనక సందులో ఉన్న ఆ మెస్సులో అతన్ని పోచయ్య అని ఎవరూ పిలవరు. అక్కడ అతను అప్పలరాజు. ఇదివరకు అక్కడ వండిన కొండమ్మ అసలైన భీమిలి మనిషి. గిన్నెలు తోమడానికి చేరిన పోచయ్యకు మూడేళ్లలో వంటంతా నేర్పి, మోకాళ్ల నొప్పులతో ఊరికి వెళ్లిపోయింది. ఆవిడ చోట్లో ఇతన్ని నిలబెట్టిన రోజున యజమాని వెంకటేశ్వర్లు ఒక షరతు పెట్టాడు.

"మెదక్ వాడు సముద్రం చేప వండాడంటే ఎవడు తింటాడయ్యా? ఎవరడిగినా మీది భీమిలి. పేరు అప్పలరాజు. సరేనా?"

బోరు ఎండిపోయి, భార్య పోయి, నర్సాపూర్ పక్క పల్లె నుంచి పట్నం చేరినవాడికి పేరుతో పేచీ ఏముంది? సరేనన్నాడు. వెంకటేశ్వర్లుది తెనాలి వైపు. ఆయన మాటతీరే పట్టుకుని 'రండి, కూర్చోండి' అనడం నేర్చుకున్నాడు. ఏడేళ్లు గడిచాయి.

వంట నిజం, ఊరు అబద్ధం. అంతటితో ఆగితే బాగుండేది. కానీ జనం తిని ఊరుకోరు కదా! మెస్సు గోడకు నిలువెత్తు రంగుల బొమ్మ ఒకటుంది. నీలి సముద్రం, అందులో సగం మునిగిన ఎర్రటి సూర్యుడు, పైన 'విశాఖ రుచులు' అన్న అక్షరాలు. సెలవులకు విశాఖ వెళ్లాలనుకున్న ప్రతివాళ్లూ ఆ బొమ్మ కింద కూర్చుని వంటాయన్ను పిలిపిస్తారు. అతను చేతులు తుడుచుకుంటూ వచ్చి మొదలుపెడతాడు.

"పొద్దున్నే కైలాసగిరి ఎక్కేయండి. సబ్‌మెరైన్ చూడండి, పిల్లలకి సరదా. బీచ్ రోడ్డులో ముంత మసాలా తినాలి. అరకు వెళ్తే బొంగులో చికెన్, వచ్చేటప్పుడు మాడుగుల హల్వా. సాయంత్రం మాత్రం బీచ్‌లోనే కూర్చోవాలండి. సూర్యుడు సముద్రంలో మునుగుతుంటే చూసి తీరాలి."

చూసి వచ్చినవాళ్ల కబుర్లన్నీ ఏరి అతను ఆ ఊరు కట్టుకున్నాడు. ఆ చివరి మాట మాత్రం ఎవరూ చెప్పింది కాదు, గోడ మీది బొమ్మ చెప్పింది. హుస్సేన్‌సాగర్‌ను మించిన నీళ్లు అతను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

ఇవాళ అతని చేతులు పనిలో ఉన్నా మనసు కుదురుగా లేదు. కారణం కమలకుమారి. టెలిఫోన్స్‌లో చేసి రిటైరైన ఆవిడకు డెబ్బై నాలుగేళ్లు. నాంపల్లిలో ఒక గదిలో ఒంటరిగా ఉంటుంది. అన్న కొడుకు పవన్‌కుమార్ తప్ప వెనకా ముందూ ఎవరూ లేరు. పుట్టింది భీమిలిలో. ఏడేళ్లుగా రోజూ ఒంటిగంటకు వచ్చి నెత్తళ్ల పులుసుతో అన్నం తింటుంది. అతను సెలవుల ఉపన్యాసం ఇస్తున్నంతసేపూ కంచంలోకి వంగి మెల్లగా తింటూ ఉంటుంది. చెయ్యి కడుక్కున్నాక "నువ్వు తిన్నావా నాయనా?" అని అడుగుతుంది. ఇంత పట్నంలో అతన్ని ఆ మాట అడిగే మనిషి ఆవిడొక్కతే.

కిందటి వారం ఇంకో మాట అడిగింది.

"ఒక్కసారి భీమిలి చూసి రావాలని ఉంది. ఈ కాళ్లతో ఒంటరిగా వెళ్లలేను. నన్ను తీసుకెళ్తావా? మనూరే కదా!"

"అలాగేనండి అమ్మగారూ" అనేశాడు. టికెట్లు ఆవిడే తీయించింది. బండి ఇవాళే, సాయంత్రం ఐదింటికి.

ఆ రోజు నుంచి అతనికి కంటి మీద కునుకు లేదు. మీ ఇల్లెక్కడ అని భీమిలిలో ఎవరైనా అడిగితే? అంతదాకా ఎందుకు, బండిలోనే టీసీ కార్డు చూపించమంటే? టికెట్ మీద అప్పలరాజు అని ఉంటుంది, కార్డు మీద పోచయ్య. ఇవాళ ఆవిడ భోజనానికి రాగానే ఉన్నదున్నట్టు చెప్పేయాలని నిశ్చయించుకున్నాడు. తిట్టినా పడతాడు. కానీ రేపటి నుంచి 'తిన్నావా' అని అడగడం మానేస్తే?

ఒంటిగంట దాటింది. ఆవిడ రాలేదు. బషీర్‌బాగ్ ఆఫీసులో పనిచేసే వనిత మాత్రం వచ్చింది. కిందటి నెల అతని సలహాలన్నీ రాసుకుని మరీ విశాఖ వెళ్లొచ్చిన పిల్ల.

"అన్నా, తిండి సంగతి నువ్వు చెప్పిందంతా కరెక్టే. కానీ సూర్యుడు సముద్రంల ఏడ మునిగిండు? మా వెనక బిల్డింగుల అవతలికి పోయిండు. తెల్లారి సముద్రంలకెల్లి వచ్చిండు. నువ్వు అసలు భీమిలోనివేనా?" అంటూ పకపకా నవ్వింది.

పోచయ్య కూడా నవ్వబోయాడు, నవ్వు రాలేదు. ఏడేళ్లు! రెండు బల్లల అవతల కూర్చుని కమలకుమారి ఈ మాట ఎన్ని వందల సార్లు విని ఉంటుంది? భీమిలిలో పుట్టిన మనిషికి సూర్యుడు ఎటు పొడుస్తాడో తెలియదా? సిగ్గుతో అతని చెవులు కాలిపోయాయి.

రెండున్నరకు క్యారియర్‌లో అన్నం, పులుసు సర్ది నాంపల్లి బయలుదేరాడు. దారంతా చెప్పాల్సిన మాటలు కూడబలుక్కున్నాడు. తీరా వెళితే గది ముందు చెప్పులు గుట్టగా ఉన్నాయి.

కమలకుమారిని చాప మీద పడుకోబెట్టారు. కొత్త చీర కట్టుకునే ఉంది. గోడ వారగా సర్దిన బ్యాగు. పవన్‌కుమార్ ఫోను పక్కన పెట్టి దగ్గరికొచ్చాడు.

"పోచయ్య అంటే మీరేనా? అత్త బ్యాగులో రెండు టికెట్లున్నాయి. ఒకదాని మీద మీ పేరుంది."

పోచయ్య తలూపాడు. ఆ మేడ ఊడ్చే అనసూయ అతన్ని పక్కకు తీసుకెళ్లింది. ఆమెది అతని పక్క పల్లె.

"పన్నెండింటికి చాయ్ తీస్కపోయిన పోచన్నా. తయారై కుర్చీల కూసున్నది, కూసున్నట్టే పోయింది."

"నేను అబద్ధం చెప్పిన అనసూయా. నాది భీమిలి కాదని గియ్యాల చెప్పుదామనుకున్న."

"ఆమెకు ఎర్కనే. ఎప్పటికెల్లో ఎర్క. నీ అసలు పేరేందని నన్నే అడిగింది. 'పాపం, లోకాన్నంతా సముద్రానికి పంపిస్తడు, వాడు చూడనే లేదు. తీస్కపోతా అంటే సిగ్గుపడి రాడు. నన్ను తీస్కపో అంటే వస్తడు' అన్నది. నీకు జెప్పొద్దని ఒట్టేయించుకున్నది."

బ్యాగులోంచి చిన్న అలారం గడియారం తీసి అతని చేతిలో పెట్టింది.

"నీకోసమే కొన్నది. భీమిలిల తెల్లారంగ నిన్ను లేపి, సూర్యుడు ఏడికెల్లి వస్తడో సూపియ్యాలన్నది."

క్యారియర్ నేల మీద పెట్టి, పోచయ్య చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తన అబద్ధాన్ని ఆవిడ ఎప్పుడో క్షమించేసింది, తనకు చెప్పకుండానే. ఆ సంగతే అతన్ని ఎక్కువ ఏడిపించింది. ఆవిడను శ్మశానానికి తీసుకెళ్లే వ్యాను కదిలే వేళకు స్టేషన్లో ఐదింటి బండి కూత వేసింది.

శ్మశానం నుంచి వచ్చి స్నానం చేసి, అలవాటు కొద్దీ మెస్సుకే వెళ్లాడు. బొమ్మ కింద ఒక కుటుంబం కూర్చుని ఉంది. వెంకటేశ్వర్లు గల్లా దగ్గర్నుంచి కేకేశాడు. "అప్పలరాజూ, వీళ్లు విశాఖ వెళ్తున్నారట. ఏమేం చూడాలో చెప్పు."

పోచయ్య చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడ్డాడు.

"నేను సముద్రం చూడలే సారూ. నాది నర్సాపూర్ దిక్కు, నా పేరు పోచయ్య" అన్నాడు. వెంకటేశ్వర్లు ముఖం ఎర్రబడింది. పోచయ్య అటు చూడలేదు. "కానీ జల్ది లేవున్రి. సూర్యుడు పొద్దుగాల సముద్రంలకెల్లి వస్తడట. మా అమ్మగారు చెప్పింది."

లోపల, పొయ్యి పక్క అరుగు మీద ఉప్పు డబ్బాకు ఆనించిన కొత్త గడియారం టిక్కు టిక్కుమంటోంది. దాని అలారం ముల్లు ఆవిడ పెట్టిన నాలుగున్నర దగ్గర అలాగే ఉంది.