లోపం లేని ఫ్రేము

"గుండ్రటి ముఖానికి గుండ్రటి ఫ్రేమా? పొలెంటా మీద మూత పెట్టినట్టుంటుంది" అని మా ఆయన తిజియానో అన్నది పెళ్ళయిన ఏడాదే. అప్పుడు నేను పొలెంటానే కలుపుతున్నాను. మొక్కజొన్న పిండి ఉండ కట్టకుండా ముప్పావుగంట గరిటె తిప్పుతుంటే చెయ్యి పీకేస్తోంది, ఆయనగారికి నా ముఖం మీద పరిశోధన. నవ్వాను కూడా. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

ఇటలీ కొండల్లోని మా కాదోరె లోయలో ఇంటికొకరైనా కళ్ళజోళ్ళ పనిలో ఉంటారు. తిజియానోది దుకాణం. నేను ఫ్యాక్టరీలో ఆఖరి బల్ల దగ్గర కూర్చుని, తయారైన ప్రతి ఫ్రేమునూ దీపం కింద తిప్పి చూసి లోపం పట్టుకుంటాను. ఇరవై ఆరేళ్ళుగా అదే పని. గీత పడ్డవీ, రంగు తేలినవీ పనివాళ్ళం ఇంటికి తెచ్చుకుంటాం. మంచివి అమ్మకానికి, వంకరవి ఇంట్లో ఆడవాళ్ళకి. వాటిలోనూ నాకు నప్పేదేదో ఎంచేది తిజియానోయే. ఎప్పుడూ సన్నటిది, చదరంగా ఉండేది, ఉందో లేదో తెలియనిది. "దీంతో నీ ముఖం కొంచెం తగ్గుతుంది" అనేవాడు. సాయంత్రాలు ఆ దుకాణంలో అద్దాలు తుడిచి, మరలు బిగించి, వచ్చినవాళ్ళ చెవుల వెనక కమ్మీలు సరిచేసేది మాత్రం నేను. దానికి ఆయన పెట్టిన పేరు "కాస్త సాయం".

మొన్న శనివారం నా చూపు మారిందని తేలింది. ఫ్యాక్టరీలో కొనుక్కున్న ఫ్రేము సంచిలో వేసుకుని, దుకాణంలో బల్లకి ఇవతల, కొనేవాళ్ళ వరసలో నిలబడ్డాను. నా వంతు రాగానే తీసి పెట్టుకున్నాను. చెర్రీపండు రంగు, లావుపాటిది, గుండ్రటిది.

"ఇదేంటి నివెస్?" తిజియానో గోడ మీద, ఏ ముఖానికి ఏ ఫ్రేమో చెప్పే బొమ్మల పటం చూపించాడు. "నీది ఆ మొదటి బొమ్మ. ఇది పెడితే ముఖమంతా కనిపిస్తుంది."

"కనిపించనీ. ముక్కు మీద కుదురుగా కూర్చుంది, నవ్వితే బుగ్గలకి తగలట్లేదు. పటం చూసి అమ్మేది నువ్వు, చేత్తో చేసేది మేము. అద్దాలు బిగించు, ఇవాళ నేను సాయానికి రాలేదు."

వెనక ఇద్దరు ఆడవాళ్ళు పకపకా నవ్వారు. తిజియానో చెవులు ఎర్రబడ్డాయి. నేను మాత్రం ఫ్రేము తియ్యలేదు.

గల్లా దగ్గర కూర్చున్న మా అత్తగారు ఎర్సీలియా లేచి వచ్చి, ఫ్రేమును నా ముఖం మీంచి తీసి కిటికీ వెలుతుర్లో అటూ ఇటూ తిప్పారు. ఆవిడ పెట్టుకున్నదానికి ఒక కమ్మీ పొట్టి. ఏళ్ళ తరబడి తల కాస్త పక్కకి వంచి లోకాన్ని చూస్తున్నారు.

"దీంట్లో లోపమెక్కడుందమ్మాయ్? నాకు కనపడట్లేదే."

నేను ఫ్రేము తిరిగి తీసుకుని, పెట్టుకుని, అద్దంలోకి చూశాను.

"లేదత్తయ్యా. వెతకడమే కదా నా పని. ఫ్రేములో లేదు, ముఖంలోనూ లేదు."