మా బిడ్డ చేసిన పట్టీ

పంజాగుట్టలో నిరోష పనిచేసే డిజైన్ ఆఫీసులో ఓ పద్ధతి ఉంది. శుక్రవారం వచ్చిందంటే బొమ్మ గీసినవాళ్లు, అచ్చు పోసేవాళ్లు, ఫిజియోథెరపీ డాక్టరు, చివరికి ఆ వస్తువు వాడే మనిషి కూడా ఒకే బల్ల చుట్టూ కూర్చోవాలి. ఎవరి పనికైనా ఎవరైనా వంకపెట్టొచ్చు. వాడే మనిషి సరే అననిదే పని ముందుకు కదలదు.

ఈసారి వస్తువు, పక్షవాతంతో పట్టు తప్పిన చేతికి తొడుక్కుని కత్తెర ఆడించే పట్టీ, స్క్రూతో బిగించేది. చేసింది నిరోష. వాడే మనిషి నిరోష వాళ్ల బాపు భిక్షపతి. మైత్రీవనం వెనక గల్లీలో ముప్పై ఏళ్లుగా బట్టలు కుట్టిన మనిషి. పక్షవాతం వచ్చిన ఆయన కుడిచెయ్యి మళ్లీ గుడ్డ కత్తిరించాలని నిరోష పట్టుబట్టి ఆయన్ను బల్ల దగ్గరికి తెచ్చింది. సొంత మనిషైతే ఉన్నదున్నట్టు చెబుతాడనుకుంది. అక్కడే పప్పులో కాలేసింది.

గిరాకీ తెచ్చిన గుడ్డ జానెడు తక్కువైతే మొహమ్మీదే చెప్పే భిక్షపతి, నలుగురి ముందు కన్నబిడ్డ పని బాగాలేదని ఎలా అంటాడు? "ఏమన్న గుచ్చుకుంటుందా అంకుల్?" అని బొమ్మ గీసే కేదార్ ప్రతి వారం అడిగేవాడు.

"మస్తుంది సార్. మా బిడ్డ చేసిందాయె," అని భిక్షపతి మురిసిపోయేవాడు. విప్పి చూద్దామంటే, "ఇప్పుడే తొడిగిన, మల్లెందుకు," అని తప్పించుకునేవాడు. ఇంట్లో ఎవరికీ కనబడకుండా చేతికి తువ్వాల చుట్టుకునేవాడు.

ఏడో వారం పట్టీ కింది బొటనవేలు నల్లబడింది. అసలే షుగర్ మనిషి, పుండు ఎముకదాకా పోయింది. ఆస్పత్రిలో వేలు తీసెయ్యక తప్పదన్నారు, తీసేశారు. బొటనవేలు లేని దర్జీ కత్తెర ఎలా పడతాడు? నిరోషకు ఏడుపు కూడా రాలేదు.

బిడ్డ ఉద్యోగం పోతుందేమోనన్న భయంతో, వద్దన్నా వినకుండా భిక్షపతి కట్టు కట్టిన చేత్తోనే మళ్లీ శుక్రవారం వచ్చి కూర్చున్నాడు.

"పట్టీ మంచిగనే ఉంది సార్. తప్పు నా షుగర్‌ది," అన్నాడు.

"ఇగ దాచకు బాపూ," అంది నిరోష. "నువ్వు మంచిగుందంటే రేపు ఇంకెందరో తొడుక్కుంటరు. ఆళ్ల వేళ్లు సుత పోతయి."

ఆయన తల వంచుకుని చేతి కట్టు సర్దుకున్నాడు.

"రెండో వారం సంది కోస్తనే ఉండె," అన్నాడు.

కేదార్ ఆ మాట రాసుకున్నాడు. నిరోష వేళ్ల మీద వారాలు లెక్కబెట్టుకుంది. బాపు బాగుందన్నాడని మూడో వారం కాస్త, నాలుగో వారం ఇంకాస్త, ఆరో వారం దాకా పట్టీ స్క్రూ తిప్పి బిగించింది తన చేతులే. అప్పుడు తన్నుకొచ్చింది ఏడుపు, అందరి ముందే.

భిక్షపతి ఎడమచేత్తో కూతురి తల నిమిరాడు.

"ఏడ్వకు బిడ్డా. నువ్వు బిగించినప్పుడల్ల కత్తెర మంచిగనే ఆడింది," అన్నాడు.