పెద్దింటివారి పేరు

ముప్పై ఎనిమిదేళ్ల వయసులో నేను చరిత్ర ఎమ్మేలో చేరతానంటే ఊరు ఊరంతా నవ్వింది. ఊరంటే నరీన్ కొండల్లో నూట పది గడపలు, కాబట్టి అదేమంత పెద్ద నవ్వు కాదులెండి. "గొర్రెలకు పాఠం చెబుతావా?" అని ఒకరు, "పరీక్షకు నీ పిల్లల్ని పంపుతావా?" అని ఇంకొకరు. నేను పట్టిన పట్టు వదల్లేదు. మా ఊరి బడిలో పన్నెండేళ్లుగా చరిత్ర చెబుతున్నాను. ఏ దేశపు రాజు ఏ ఏడు పోయాడో నిద్రలో అడిగినా చెబుతాను. మన పొలాలకు నీళ్లిచ్చే కాలువ ఎవరు తవ్వారు టీచర్ అని ఏడో తరగతి పిల్ల అడిగితే మాత్రం నోరెళ్లబెట్టాను. ఆ ఉక్రోషంతోనే చేరాను.

కాలువ తవ్వింది 1943 వసంతంలో. మగవాళ్లు యుద్ధానికి పోతే ఆడవాళ్లే నాలుగు కిలోమీటర్లు తవ్వారు. జిల్లా దస్త్రాల్లో దాని గురించి ఉన్నది ఒక్కటే వాక్యం: "కాలువ పూర్తయింది." దానంతటదే పూర్తయినట్టు! తవ్వినవాళ్లలో ఇంకా మిగిలిన ఒకే ఒక్క మనిషి మా ఇంట్లోనే ఉంది. మా ఆయన నాయనమ్మ. అప్పుడు పదహారేళ్ల కొత్త కోడలు, ఇప్పుడు ఎనభై మూడు.

ఆ చలికాలమంతా పొయ్యి పక్కన కూర్చుని ఆవిడ చెబుతుంటే రాసుకున్నాను. ముప్పై ఒక్కమంది ఆడవాళ్ల పేర్లు, ఎవరి పార ఎప్పుడు విరిగింది, ఎవరు గట్టు మీదే బిడ్డను కన్నారు, అన్నీ చెప్పింది. కొండవాలున కాలువ ఎటు పోవాలో గీత గీసింది ఎవరంటే మాత్రం "పెద్దింటివారు" అనేది. నీళ్లెక్కవన్న చోటికి నీళ్లు ఎక్కించింది పెద్దింటివారు. ఏడవొద్దు, తవ్వండి అన్నది పెద్దింటివారు.

మా కొండల్లో కోడలు అత్తింటి పెద్దల పేరు నోట పలకదు. నాయనమ్మ అరవై ఏడేళ్లుగా పలకలేదు. నేనూ ఆ ఇంటి కోడలినే, గుచ్చి గుచ్చి అడగడం నాకూ తగదు. అందుకని మా ఆయన్ని అడిగాను.

"అదో ప్రశ్నా? మా ముత్తాతే అయ్యుంటాడు," అంటూ ఏడు తరాల తాతల పేర్లు ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పాడు. "మా వంశంలో మగాళ్లు అలాంటోళ్లే మరి."

"ఆ మాట నువ్వే చెప్పుకోవాలి," అన్నాను. అన్నానే గానీ, పట్టా కోసం రాస్తున్న పుస్తకంలో, నలభై ఒకటో పేజీలో ఆ ముత్తాత పేరు రాసేశాను. ఊహను సాక్ష్యంగా రాయకూడదని తెలియదా? తెలుసు. గడువు తరుముకొస్తే తెలిసినవేవీ గుర్తుండవు. పైగా నా పుస్తకం పరీక్షించే ఓరోజాలి మాస్టారు ముందే హెచ్చరించారు: "నడిపించిన మనిషి ఎవరో తేలకపోతే ఇది చరిత్ర కాదు, పుక్కిటి పురాణం. నేను సంతకం పెట్టను." ఆయన సంతకం లేనిదే పట్టా లేదు.

మే నెలలో, పరీక్షకులందరి ముందు నిలబడి జవాబు చెప్పుకోవలసిన రోజు వచ్చింది. నాయనమ్మ తెల్లవారకముందే తలకు తెల్లగుడ్డ చుట్టుకుని, నూనెలో వేయించిన రొట్టెముక్కల మూటతో కారెక్కి కూర్చుంది.

"నువ్వెందుకు నాయనమ్మా, అంత దూరం?"

"తవ్వింది నేను, మార్కులు నీకా? పోనీ బండి."

గదిలో పొడవాటి బల్ల, దాని వెనక ఐదుగురు. నేను చెప్పాను, బాగానే చెప్పాను. కాలువ గీత దగ్గరికొచ్చేసరికి, "ఆయన పేరు నలభై ఒకటో పేజీలో ఉంది, నేను పలకకూడదు," అన్నాను. అందరూ అర్థమైనట్టు తలలూపారు. ఓరోజాలి మాస్టారు కళ్లజోడు సర్దుకుని ఆ పేరు పైకి చదివారు.

"అబద్ధం!" అని వెనక బెంచీ నుంచి ఓ గొంతు.

ఆ గొంతు మా నాయనమ్మదే.

"మామగారా? ఆ ఏడాది నడుం విరిగి మంచాన పడ్డారు. కాలువ మొహమే చూడలేదు పాపం."

మాస్టారు నా వైపు చూశారు. "మరి ఇలా ఎందుకు రాశావమ్మా?"

మా ఆయన పైకప్పు వైపు చూస్తున్నాడు. రెండేళ్ల చదువు నా కళ్లముందే నీళ్లపాలైంది. "ఊహించి రాశాను సార్. తప్పు నాదే," అన్నాను.

"అయితే ఆయనెవరు?" అని మాస్టారు నాయనమ్మను అడిగారు.

"ఆయనెవరేమిటి? మా అత్తగారు!"

నాకు తలకొట్టేసినట్టయింది. అత్తగారి పేరు కూడా కోడలు పలకదు. నేను మా అత్తగారి పేరు ఏనాడూ పలకలేదు కదా! అయినా పెద్దింటివారంటే మగవాడే అనుకున్నాను.

"ముందే చెప్పొచ్చు కదా నాయనమ్మా!"

"నువ్వడిగావా? అడగాల్సింది నన్నయితే పోయి నీ మొగుణ్ని అడిగావు."

మాస్టారి పక్కన కూర్చున్న పరీక్షకుడు నవ్వాపుకోలేక దగ్గారు. మాస్టారు మాత్రం తగ్గలేదు. "కొలిచే పరికరం ఏదీ లేకుండా, చదువురాని మనిషి, నాలుగు కిలోమీటర్ల వాలు ఎలా పట్టిందవ్వా?"

నాయనమ్మ చకచకా బల్ల దగ్గరికి వచ్చింది. ఆయన ముందున్న టీ గిన్నె తీసుకుని, కెటిల్‌తో అంచుదాకా నింపి, బల్ల మధ్యలో పెట్టింది. "ఇలాగే. చెక్కపలక మీద గిన్నె, గిన్నె నిండా నీళ్లు. పది అడుగులకోసారి పెట్టడం, ఎటు ఒలికితే అటు మేకు కొట్టడం. నలభై రోజులు. గిన్నె పట్టుకుంది నేనే." ఆవిడ మాట్లాడుతుండగానే టీ మెల్లగా పొంగి ఓరోజాలి మాస్టారి కాగితాల మీదికి పారింది. "చూశావా నాయనా? నీ వైపే పల్లం."

ఈసారి ఎవరూ నవ్వాపుకోలేదు. మాస్టారు తడిసిన కాగితాలు పైకెత్తి పట్టుకుని తానూ నవ్వారు. తరవాత గొంతు తగ్గించి అడిగారు. "నమ్మాను. ఇక ఆవిడ పేరు కావాలి. దస్త్రంలో పేరుండాలి కదా."

నాయనమ్మ పెదాలు బిగించింది. అందరం మా ఆయన వైపు చూశాం.

"నాకు... తాతల పేర్లయితే ఏడు తరాలు తెలుసు," అని నీళ్లు నమిలాడు.

"ముత్తవ్వ పేరు?"

మళ్లీ పైకప్పే.

అప్పుడు నాకు నిజంగా భయం వేసింది, పట్టా గురించి కాదు. ఆ పేరు తెలిసిన మనిషి లోకంలో ఒక్కరే ఉన్నారు. ఆవిడ నోరు విప్పదు. నాయనమ్మ పోతే ఆ పేరూ పోతుంది.

"నాయనమ్మా, ఈ ఒక్కసారికీ..."

"నోటికి కట్టడి ఉంది. తప్పను," అంది నాయనమ్మ. తన అరచేతి వైపు చూసుకుంది. "చేతికి కట్టడి ఉందని ఎవరూ చెప్పలేదే."

నల్లబల్ల దగ్గరికి నడిచి సుద్దముక్క తీసుకుంది. ఆవిడ చిన్నప్పుడు బడిలో నేర్పిన అక్షరాలు వేరు. తరవాత ప్రభుత్వం ఆ లిపినే మార్చేసింది. నాయనమ్మ నాలుక కొరుక్కుంటూ, ఒక్కొక్క అక్షరమే దిద్దింది. మాకెవరికీ సరిగా చదవరాలేదు. ఆ లిపిలో దస్త్రాలు చదవడమే ఓరోజాలి మాస్టారి జీవితం. ఆయన లేచి నిలబడి, కూడబలుక్కుని, ఆ పేరు పైకి చదివారు.

అరవై ఏడేళ్లుగా మా ఇంట్లో వినపడని పేరు. అది వినగానే నాయనమ్మ తలగుడ్డ సర్దుకుని, చేతులు మోకాళ్ల మీద ఆనించి, కొత్త కోడలు అత్తగారి ముందు వంగినట్టు నల్లబల్ల ముందు వంగింది. వంగి అలాగే ఉండిపోయింది. కోడలు వంగితే పెద్దవాళ్లు దీవించాలి. ఆ గదిలో ఆవిడకంటే పెద్దవాళ్లు ఎవరున్నారు?

నాయనమ్మ వంగినట్టే ఉండి తల మాత్రం తిప్పింది. "ఏమయ్యా, పేరు చదివావుగా, ఆవిడ తరఫున దీవెన కూడా నువ్వే చెప్పు. నడుం పట్టేస్తోంది."

"నూరేళ్లు బతుకు బిడ్డా. నీ వంశం చిగురు వేయాలి," అన్నారు ఓరోజాలి మాస్టారు. ఆయన కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంటున్నారు. నాకైతే తుడుచుకోవాలని కూడా తోచలేదు, హాయిగా ఏడ్చేశాను.

నలభై ఒకటో పేజీ అక్కడికక్కడే కొట్టేసి మళ్లీ రాయించారు. మాస్టారు సంతకం పెట్టారు. ఆ సంతకం కింద టీ మరక ఇప్పటికీ ఉంది. ఆ సాయంత్రం నాయనమ్మ మూట విప్పితే ఐదుగురు పరీక్షకులూ ఎగబడి తిన్నారు. దారి పొడుగునా మా ఆయన ఆ పేరు వల్లె వేస్తూనే ఉన్నాడు, ఏడుగురు తాతలకు ముందు చేర్చి.

నేను ఆ ఇంటి కోడలిని. ఆ పేరు నోటితో పలకను. కానీ ఎమ్మే చదివినదాన్ని, రాస్తాను:

బుర్మాకే.